స్టేషన్ కడుతున్నారు సరే, నడిపేదెవరు?

స్టేషన్లను కొత్తగా బాగుచేసే రైల్వే పథకం అమృత్ భారత్ జాబితాలో పేరు వచ్చినప్పటి నుంచి నల్లగొండలో టీ కొట్ల దగ్గర, పెళ్ళి భోజనాల్లో ఒకటే మాట. "మన స్టేషన్ గూడ ఎయిర్‌పోర్టు లెక్క అయితదట." ఆ సంతోషం నాకూ ఉంది. బీబీనగర్–నడికుడి లైను 1989లో పూర్తయ్యేదాకా గుంటూరు వైపు నేరుగా రైలే లేని ఊరు మాది. ఇప్పుడు అదే లైను మీద వందేభారత్ వచ్చి ఆగుతోంది. రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఇంత దూరం వచ్చాక స్టేషన్ కూడా బాగుపడాలని ఎవరికి ఉండదు?

అయితే ఈ ముచ్చట్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. కట్టిన తర్వాత దాన్ని నడిపేదెవరు? ప్రారంభోత్సవం అయిన మూడేళ్ళకు లిఫ్టు ఆగిపోతే, నల్లాలో నీళ్ళు రాకపోతే, పైకప్పు కారితే ఏ ఒక్క మనిషిని పట్టుకుని అడగాలి?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. కొన్నాళ్ళ కింద మా అమ్మను హైదరాబాద్‌లో మోకాళ్ళ డాక్టరుకు చూపించి రైల్లో తిరిగొస్తున్నాం. దిగిన స్టేషన్ పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అది ఏ స్టేషనైనా కావచ్చు. లిఫ్టు కొత్తదే. తలుపు మీద ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా ఊడలేదు. రెండు హ్యాండిళ్ళకు అడ్డంగా కొబ్బరితాడు కట్టి, దానికి అట్టముక్క వేలాడదీశారు. దాని మీద స్కెచ్ పెన్నుతో "పని చేయదు" అని రాసి ఉంది. అట్ట మీద దుమ్ము చూస్తే అది నిన్నో మొన్నో కట్టింది కాదని తెలిసిపోతోంది. లోపలికి వెళ్ళి అడిగితే డ్యూటీలో ఉన్నాయన చాలా మర్యాదగానే చెప్పాడు. "అది మా కిందికి రాదు సార్, ఎలక్ట్రికల్ వాళ్ళది. మేం రాసి పంపినం." అమ్మ రెయిలింగు పట్టుకుని, "వద్దులే బిడ్డా, మెల్లగ ఎక్కుత" అంది. ప్రతి నాలుగు మెట్లకూ ఆగుతూ ఎక్కింది. వెనక వచ్చేవాళ్ళు పక్కకు తప్పుకుని దాటిపోతున్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన రైల్వే స్టేషన్ బయటినుంచి చూస్తే ఒక్కటే భవనం, లోపల మాత్రం ఐదారు శాఖలు. స్టేషన్ మాస్టర్ ఆపరేటింగ్ శాఖ మనిషి, రైళ్ళను భద్రంగా పంపించడం ఆయన అసలు పని. టికెట్లు, పార్కింగు, స్టాళ్ళు కమర్షియల్ వాళ్ళవి. గోడలు, నల్లాలు, మరుగుదొడ్లు ఇంజనీరింగ్ వాళ్ళవి. ఫ్యాన్లు, లైట్లు, లిఫ్టులు ఎలక్ట్రికల్ వాళ్ళవి. అనౌన్స్‌మెంట్లు, బోర్డులు సిగ్నల్-టెలికాం వాళ్ళు చూడాలి. ఊడ్చే కాంట్రాక్టు ఇంకొకరిది. కాపలా కాసే ఆర్పీఎఫ్ పోలీసులు వేరే. ఎవరి పని వాళ్ళు చేస్తూనే ఉంటారు, అయినా స్టేషన్ మొత్తానికి బాధ్యుడు ఫలానా అని చెప్పడానికి ఒక్క మనిషి దొరకడు. పెద్ద స్టేషన్లలో స్టేషన్ డైరెక్టర్ అని ఒక అధికారిని పెట్టారు. మన చిన్న స్టేషన్లకు అదీ లేదు. నల్లగొండ వాళ్ళం గట్టిగా అడగాలంటే ఒక డివిజన్ ఆఫీసుకు రాయాలి, పాలమూరు వాళ్ళు ఇంకోదానికి, హైదరాబాద్ డివిజన్‌కు.

ఈ చిక్కు రైల్వేకు తెలియక కాదు. 2012లో ఇండియన్ రైల్వే స్టేషన్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అని ఒక కంపెనీ పెట్టారు. రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్, రైల్వే భూముల సంస్థ కలిసి పెట్టినది, తర్వాత రైల్వే సలహా సంస్థ రైట్స్ కూడా చేరింది. పెద్ద స్టేషన్లను కొత్తగా కట్టించడం, కట్టాక నడపడం దాని పని. గుజరాత్‌లో గాంధీనగర్ స్టేషన్ దాని చేతిలోనే తయారైంది. పట్టాల మీదనే 318 గదుల హోటల్ కట్టి 2021 జులైలో ప్రారంభించారు. భోపాల్‌లో హబీబ్‌గంజ్ స్టేషన్‌ను 2016లో ఒక ప్రైవేటు సంస్థకు ఒప్పందం మీద ఇచ్చారు. స్టేషన్ నిర్వహణ ఎనిమిదేళ్ళు, పక్కనున్న రైల్వే భూమి మీద లీజు 45 ఏళ్ళు. అదే 2021 నవంబరులో రాణీ కమలాపతి స్టేషన్‌గా మారింది.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. కట్టడంతో సంబంధం లేకుండా, ఉన్న స్టేషన్ల రోజువారీ నిర్వహణను కూడా 2012లో పెట్టిన ఆ స్టేషన్ల కంపెనీకే అప్పగించి చూశారు. బెంగళూరు, పుణె, ఆనంద్ విహార్, చండీగఢ్, వాటితోపాటు సికింద్రాబాద్. శుభ్రత, పార్కింగు, స్టాళ్ళు, చిన్నా పెద్దా మరమ్మతులు అన్నీ ఒకరి చేతి కింద ఉండాలన్నది ఆలోచన. నా దృష్టిలో ఆ కంపెనీ మొత్తం కథలో విలువైనది ఆ ఐదు స్టేషన్ల పనే. గ్లాసు గోడలకూ హోటలుకూ ఫోటోలు వచ్చాయి, దీనికి రాలేదు. 2021 అక్టోబరులో కంపెనీనే మూసేయాలని రైల్వే బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. ఒకే పనికి ఇన్ని సంస్థలెందుకు, తగ్గించండి అని ప్రభుత్వానికి అందిన నివేదిక దానికి ఆధారం. సంస్థలు తగ్గించడం మంచిదే కావచ్చు. కానీ దానితోపాటు ఒక స్టేషన్‌కు ఒకే బాధ్యుడు అన్న ఆలోచన కూడా పక్కకు పోయింది.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. 2023 ఏప్రిల్ 8న ప్రధాని హైదరాబాద్ వచ్చి మిగతా కార్యక్రమాలతోపాటు ఒకే రోజు ఈ మూడు రైల్వే పనులూ చేశారు. తిరుపతి వందేభారత్‌కు జెండా ఊపారు, సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ రెండో లైనును జాతికి అంకితం చేశారు, 720 కోట్ల సికింద్రాబాద్ స్టేషన్ పనికి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది ఆగస్టు 6న దేశంలో 508 స్టేషన్లకు ఒకేసారి శంకుస్థాపన జరిగితే వాటిలో మహబూబ్‌నగర్ ఉంది. 2024 ఫిబ్రవరి 26న ఇంకో 550కి పైగా స్టేషన్లు, వాటిలో నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, గద్వాల. అమృత్ భారత్ పథకం మొత్తంలో దేశవ్యాప్తంగా 1,300కు పైగా స్టేషన్లు ఉన్నాయి. ప్రభుత్వ డబ్బుతో కాంట్రాక్టరు కడతాడు, కట్టి అప్పగించి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ ఐదారు శాఖలే. మా అమ్మ ఎక్కలేకపోయిన లిఫ్టులాంటివి ఇప్పుడు ఒకటికి నాలుగు వస్తాయి. నాలుగింటికీ కట్టడానికి తాడు రైల్వే దగ్గర ఉండనే ఉంది.

ఇక్కడ ఇటలీ సంగతి చెప్పాలి, ఎందుకంటే స్టేషన్ల కంపెనీ అన్న ఆలోచన అక్కడ పాతికేళ్ళ కిందే మొదలైంది. 1998లో వాళ్ళ ప్రభుత్వ రైల్వే 'గ్రాండి స్టాజియోని' అని ఒక కంపెనీ పెట్టింది. పెద్ద స్టేషన్ల కంపెనీ అన్నమాట. రోమ్ టెర్మినీ, మిలాన్ సెంట్రల్, నేపుల్స్, ఫ్లోరెన్స్, వెనిస్ లాంటి పదమూడు స్టేషన్లు దాని కింద. 2000లో నలభై శాతం వాటా ప్రైవేటు వాళ్ళకిచ్చారు. పాడుబడినట్టున్న స్టేషన్లు బాగుపడ్డాయి, అందులో అనుమానం లేదు. టెర్మినీని చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. అయితే కంపెనీకి డబ్బు వచ్చేది దుకాణాల అద్దె నుంచి, ప్రకటనల నుంచి. ఆ సంగతి కట్టడంలోనే కనబడుతుంది. మిలాన్ సెంట్రల్‌ను బాగుచేసి 2008లో తెరిచినప్పుడు, కింది నుంచి ప్లాట్‌ఫామ్‌కు తిన్నగా వెళ్ళాల్సిన ప్రయాణికుణ్ణి ఏటవాలుగా కదిలే దారుల మీద దుకాణాల వరస ముందు నుంచి తిప్పి తీసుకెళ్తున్నారని జనం మొత్తుకున్నారు. కూర్చోడానికి బెంచీలు సరిపోవన్నది అక్కడి పెద్ద స్టేషన్ల మీద పాత ఫిర్యాదే. బెంచీ మీద ఊరికే కూర్చున్నవాడు ఏమీ కొనడు కదా. చివరికి 2016లో ఆ కంపెనీని ముక్కలు చేశారు. దుకాణాల ముక్కను పెట్టుబడి సంస్థలకు అమ్మేశారు, ప్రయాణికుల సేవల ముక్క రైల్వే దగ్గరే ఉండిపోయింది. లాభం ఎటు ఉందో, బరువు ఎటు ఉందో ఆ పంపకమే చెబుతుంది.

నాకు అంతకంటే ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇంకొకటి. అదే రోజుల్లో ఇటలీ వాళ్ళు మధ్యస్థ ఊళ్ళ కోసం 'చెంతోస్టాజియోని' అని రెండో కంపెనీ పెట్టారు. పేరుకు వంద స్టేషన్లు, లెక్కకు 103. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లా ఊళ్ళ స్టేషన్లు అనుకోండి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానికీ పెద్ద ఆదాయం లేదు, అందుకని అన్నిటినీ ఒక మూటగా కట్టి ఒకరికి అప్పగించారు. తర్వాత ఆ పని మళ్ళీ పట్టాలు చూసే రైల్వే సంస్థలోనే కలిసిపోయింది. అయినా చిన్న స్టేషన్లకు కూడా విడిగా ఒక బాధ్యుడు కావాలని వాళ్ళకు తోచింది. మనకు ఇంకా తోచలేదు.

మన దగ్గర స్టేషన్ స్థాయిని ఆదాయాన్ని బట్టి, ఎక్కే ప్రయాణికుల సంఖ్యను బట్టి నిర్ణయిస్తారు. అక్కడ ఎన్ని నల్లాలుండాలి, ఎన్ని బెంచీలుండాలి, ఎంత నీడ ఉండాలి అన్నది ఆ స్థాయిని బట్టే. కంపెనీ వచ్చినా మొదట చూసేది ఆ లెక్కే. సికింద్రాబాద్‌కు పోటీలు పడతారు, దేవరకద్రకు ఎవరూ రారు. ప్రైవేటుకు ఇస్తే అంతా బాగైపోతుందనే మిత్రులు నాకున్నారు. వాళ్ళు చూపించే స్టేషన్లన్నీ మహానగరాలవే.

ప్రైవేటు అన్న మాట వింటేనే ససేమిరా అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఇప్పుడున్న పద్ధతిలో మునిగిపోతున్నది ఎవరు? మహబూబ్‌నగర్ ప్లాట్‌ఫామ్ మీద రాత్రి పూట చూడండి. నారాయణపేట, మక్తల్, దేవరకద్ర వైపు నుంచి వలస పోయే కుటుంబాలు బియ్యం సంచి, గిన్నెల మూట, పిల్లలతో నేల మీదే కూర్చుంటాయి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, డ్యాములు, కాలువలు, రోడ్లు వాళ్ళ చేతి మీదనే లేచాయి. జనరల్ పెట్టె ముందుంటుందా వెనకుంటుందా అన్నది వాళ్ళకు రైలు వచ్చి ఆగేదాకా టెన్షనే. ఆగేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో సంచి ఒకరు, పిల్లను ఒకరు ఎత్తుకుని ప్లాట్‌ఫామ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఉరకాలి. పెట్టె ఎక్కడ ఆగుతుందో సరిగ్గా చూపించే బోర్డు ఒకటి, గట్టిగా వినబడే తెలుగు అనౌన్స్‌మెంటు ఒకటి ఉంటే చాలు, ఆ ఉరుకు తప్పుతుంది. దానికి ఏసీ లాంజ్ అక్కర్లేదు. బోర్డు ఈ రోజు వెలుగుతోందా లేదా అని చూసే మనిషి కావాలి.

సీతాఫలాల సీజన్‌లో ఈ లైను ఎక్కిన వాళ్ళకు ఇంకొకటి తెలుసు. బాలానగర్ సీతాఫలం దేశంలోనే పేరున్న రకం, ఆ పేరు మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్‌దే. గంపల్లో ఆకులు పరిచి, పండ్లు పేర్చుకుని ఆడవాళ్ళు ప్యాసింజరు ఎక్కుతారు. కొత్త స్టేషన్లో వాళ్ళ గంపకు చోటెక్కడ? 2022లో 'ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి' పథకం మొదలైంది, మంచి పథకమే. గద్వాల చీరలకు, పోచంపల్లి ఇక్కత్‌కు ఒక స్టాలు దొరుకుతుంది. అయితే సీజన్‌కు రెండు నెలలు మాత్రం వచ్చే గంపమ్మ స్టాలు అద్దె కట్టలేదు. బయట ఆటోల మధ్య కూర్చుంటే తరిమేస్తారు. నిర్వహణ ఒప్పందంలో రోజువారీ చిన్న రుసుముతో నీడ ఉన్న చోటు ఒకటి కేటాయించమని రాస్తే అయిపోయే పని ఇది. రాయకపోతే ఏ కంపెనీ అయినా ఆ చోటును బ్రాండ్ కాఫీ వాడికిస్తుంది, అది దాని వ్యాపారం.

నీళ్ళ సంగతి మా నల్లగొండ వాడికి చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు మా ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. అలాంటి ఊరి స్టేషన్లో తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎప్పుడు పరీక్ష చేశారు అన్నది గోడ మీద రాసి ఉండాలి కదా. తక్కువ ధరకు నీళ్ళిచ్చే యంత్రాలు రైల్వే పెట్టింది, తర్వాత చాలాచోట్ల అవి మూతపడ్డాయి. నడిపినవాడికి గిట్టలేదు. నీళ్ళమ్మి బతకమని చెబితే యంత్రం మూతపడుతుంది, నీళ్ళిచ్చినందుకు డబ్బు కడితే నడుస్తుంది. మూత్రశాల సంగతీ ఇంతే. బ్రిటన్‌లో పెద్ద స్టేషన్లను స్వయంగా చూసుకునే నెట్‌వర్క్ రైల్ 2019లో తన స్టేషన్లన్నిటిలో మరుగుదొడ్లకు రుసుము ఎత్తేసింది. అంత డబ్బున్న దేశమే జనం దగ్గర చిల్లర తీసుకోవడం తప్పని ఒప్పుకుంటే, కూలికి పోయే ఆడమనిషి దగ్గర ఐదూ పదీ తీసుకోవడం మనకెందుకు?

డబ్బెక్కడిది అంటారు. రైల్వే బోర్డు 2022 జనవరిలో దానికి ఒక జవాబు రాసింది. బాగుచేసిన స్టేషన్లలో స్టేషన్ అభివృద్ధి రుసుము అని ఏసీ వాళ్ళకు 50, స్లీపర్ వాళ్ళకు 25, జనరల్ వాళ్ళకు 10 రూపాయలు. ప్యాసింజరు రైల్లో కనీస టికెట్టే పది రూపాయలు. అంటే జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వచ్చే మనిషికి ప్రయాణం ఖర్చు కనీసం రెట్టింపు. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు.

నా జవాబు వేరే. సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లిలో ఆ దుకాణాలకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తోంది? వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, మిర్యాలగూడ నుంచి. షాద్‌నగర్, జడ్చర్ల, వనపర్తి రోడ్, గద్వాల నుంచి. అక్కడ దిగి టీ తాగేది, బిర్యానీ పొట్లం కట్టించుకునేది మనమే. పెద్ద స్టేషన్ రద్దీ అంటే చిన్న స్టేషన్ల రద్దీ అంతా ఒకచోట చేరడమే. అలాంటప్పుడు అక్కడి దుకాణాల అద్దెలో, ప్రకటనల డబ్బులో ఒక వాటా ఈ స్టేషన్లకు రావాలి. పెద్దదాన్ని ఒక కంపెనీకి విడిగా ఇచ్చేసి, చిన్నవాటిని శాఖలకు వదిలేస్తే ఆ వాటా ఎప్పటికీ రాదు. రెండింటినీ ఒకే మూటలో పెట్టాలి. విష్ణుపురం నుంచి పగిడిపల్లి దాకా ఉన్న స్టేషన్లు ఒక గుంపు, గద్వాల నుంచి షాద్‌నగర్ దాకా ఇంకో గుంపు. ఒక్కో గుంపుకు ఒక్కో నిర్వాహకుడు. ప్రైవేటు కంపెనీయా, రైల్వే సొంత అధికారా అన్నది నాకు రెండో సంగతి. రైల్వే మనిషే అయితే ఆ ఐదారు శాఖల వాళ్ళు స్టేషన్ పనుల వరకు ఆయన మాట వినేలా అధికారం ఇవ్వాలి. కంపెనీ అయితే దుకాణాల మీద వచ్చినంత తీసుకో అనకూడదు. లిఫ్టు నడిచిన రోజుకు ఇంత, నీళ్ళు పరీక్షలో బాగున్న నెలకు ఇంత, బోర్డు వెలగని రోజుకు ఇంత కోత అని కట్టాలి.

ఎలాగూ లెక్క కొలవాలి కాబట్టి, ఎక్కడ నిలబడి కొలవాలో కూడా చెబుతాను. జనరల్ పెట్టె ఆగే చోట. ప్లాట్‌ఫామ్ చివర పైకప్పు అయిపోయాక, ఎండలో, అక్కడ. మధ్యలో ఏసీ పెట్టెలు ఆగే చోట ఏ స్టేషనైనా బాగానే ఉంటుంది. చివర నిలబడితే నీడ ఎన్ని అడుగుల ముందు ఆగిపోయిందో, నల్లా ఎంత దూరమో, అనౌన్స్‌మెంటు వినబడుతోందో లేదో తెలుస్తుంది.

రెండు డివిజన్లకూ ప్రయాణికుల సలహా కమిటీలున్నాయి. మన ఎంపీలకు ఆ సమావేశాల్లో మాట్లాడించే పలుకుబడి ఉంది. ఇప్పటిదాకా అక్కడ మనం అడిగేది కొత్త రైలు, కొత్త హాల్టు. వాటిని అడుగుతూనే ఉందాం. ఈసారి వాటితోపాటు ఇది కూడా రాసివ్వండి: మన స్టేషన్ పని పూర్తయ్యాక నిర్వహణ ఎవరిది, ఎన్నేళ్ళు, ఏడాదికి ఎంత డబ్బు పెట్టారు, పని చెయ్యకపోతే కోత ఎంత. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. శిలాఫలకం మీద ముఖ్య అతిథుల పేర్ల కింద ఆ నిర్వాహకుడి హోదా, ఫోన్ నంబరు కూడా తెలుగులో, ఉర్దూలో చెక్కించమనండి.